తహసీల్దార్ సాబ్ కుర్చీ

ఖాదర్‌బీ పిల్లికి కరోనా వచ్చిందని, ఆ భయానికే ఆమె దాన్ని బయటికి నెట్టి తలుపేసుకుందని తాండూరులో మా గల్లీ అంతా చెప్పుకున్నది.

ఖాదర్‌బీకి పిల్లి అంటే భయమే. కానీ అది ఆఫీసరంటే ఉండే భయం. దాని పేరే తహసీల్దార్ సాబ్. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ సాబ్‌ది. ఎనిమిదిలో చదువు ఆగిపోయాక నేను ఆమె దగ్గర చీరలకు ఫాల్ కుట్టడం నేర్చుకున్నాను. ఇద్దరం నేల మీదే కూర్చునేవాళ్లం.

"సాబ్, జర లేస్తరా? కత్తెర మీ కింద ఉన్నది."

సాబ్ ఒక కన్ను తెరిచి మూసేవారు.

"బిజీ ఉన్నరు. దారం పండ్లతోని కొరుకు బిడ్డా."

ఒకసారి సాబ్ ఎవరిదో పెళ్లి జాకెట్టు మీద పడుకున్నారు. జాకెట్టు కోసం వచ్చినావిడ మండిపడింది.

"గా పిల్లి ఎప్పుడు లేస్తది?"

"అర్జీ పెట్టిన. జర ఆగుండ్రి."

అట్లాంటి ఖాదర్‌బీ సాబ్‌ను వాకిట్లో వదిలి గడియ పెట్టుకుంది. కిటికీ జాలీకి ఇవతల సాబ్ మూతి ఆనించి అరిచేవారు. అవతల ఆమె చెయ్యి చాచేది, అంతలోనే వెనక్కి తీసుకునేది. "తిన్నరా సాబ్? మీ కుర్చీల ఎవ్వరు కూసుంటలేరు," అనేది. నేను పాలగిన్నె పెట్టి నిలబడేదాన్ని. కుర్చీ వెనక నా ఫాల్ ముక్క కుట్టు మధ్యలో ఆగి కనిపించేది. లోపలికి వెళ్లాలని ప్రాణం కొట్టుకునేది.

ఎదురింటి మొగులమ్మకు ఉర్దూ వచ్చని పేరు. వచ్చింది నాలుగు మాటలే. ఒకరోజు ఖాదర్‌బీ లోపలినుంచి "బిల్లీకు లగ్ జాతా!" అనగానే మొగులమ్మ గల్లీకంతా తర్జుమా చేసింది. "బిల్లిది అంటుతదంట!"

సాయంత్రానికి పక్కింటి జంగప్ప గోనెసంచి తెచ్చాడు. "దీన్ని యాలాల్ ఊరవతల ఇడిసొస్త."

లోపల ఖాదర్‌బీ కిటికీ పట్టుకుంది. అరవబోతే దగ్గే వచ్చింది.

నలుగురిలో నోరు తెరవని నేను సాబ్‌ను ఎత్తుకున్నాను. "బిల్లిది కాదు, పెద్దమ్మా. బిల్లికి. బిల్లికి అంటుతదంటున్నది."

"ఎవరిది?" అన్నది మొగులమ్మ.

నేను కిటికీ వైపు చూశాను. జంగప్ప సంచి మడిచాడు.

"నేను చెప్పింది గదే గదా!" అన్నది మొగులమ్మ. మర్నాటి నుంచి ఆ గడప మీద వేడివేడి జావ ఆమే పెట్టింది.

ఖాదర్‌బీ ఇప్పుడు వికారాబాద్‌లో చెల్లెలి దగ్గర ఉంటోంది. సాబ్‌కు బదిలీ అయింది, తాను వెంట వచ్చానంటుంది. రైలెక్కితే ఎంతో దూరం కాదు. ప్రతి శుక్రవారం వెళ్దామనుకుంటాను.

గల్లీలో ఇంకా పిల్లి కరోనా కథే చెబుతారు. జ్వరం ఖాదర్‌బీకి. రిపోర్టు చేతికి వచ్చిన రోజు ఆమె మొదటి ఫోన్ చేసింది పశువుల డాక్టరుకు.