యాదలక్ష్మి దిద్దనివ్వని మాట

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కొత్త బ్యాచ్‌కు ముందు ఉచితంగా డెమో క్లాసు పెడతారు. యజమాని చివరి బెంచీలో కూర్చుంటాడు. సీట్లు నిండితే బ్యాచ్ ఆ టీచర్‌ది, లేదంటే మరొకరిది. పోటీ పరీక్షలకు భాషాశాస్త్రం చెప్పే యాదలక్ష్మికి ఈ డెమో పోతే మళ్లీ స్పోకెన్ ఇంగ్లిషే గతి.

ఎల్బీనగర్‌లో షేర్ ఆటో నడిపే అంతయ్య కూతురామె. ఐరోపాలో ఐరిష్ లాంటి కెల్టిక్ భాషల మూలం మీద పరిశోధన చేస్తానన్నప్పుడు తల్లి అండాలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"సచ్చిన భాష సదివి ఏం జేస్తవ్ బిడ్డా?"

"దాన్ని ఎవ్వలూ సూడనే లేదమ్మా. పిల్లభాషల మొకాలు జూసి తల్లిభాష మొకం గీస్తున్నం."

"గట్లయితే నీ నౌకరి గూడ నువ్వే గీస్కో!"

డెమోలో ఆమె బోర్డు మీద 'బెనా' అని రాసింది. ఆ మూలభాషలో ఆడమనిషి. 'ఆడమనిషి యొక్క' అనాలంటే 'మ్నాస్'. ఇదెక్కడి పోలికని వెనక ఎవరో నవ్వారు. నడిమి అచ్చు ఊడిపోయిందని, 'న' పక్కన చేరిన 'బ' ముక్కులోకి జారి 'మ' అయిందని పలికి చూపించింది. ఐర్లండ్‌లో ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపు మీద నేటికీ 'ఆడవాళ్లు' అనడానికి 'మ్నా' అనే ఉంటుందనగానే హాలంతా ఆమెదైపోయింది.

అప్పుడు యజమాని చక్రపాణి లేచి ముందుకొచ్చి మైకు అందుకున్నాడు. "చూశారాండీ! మన సంస్కృతంలో ఆడమనిషిని 'జని' అంటారు కదా, అందులోంచి పుట్టిందే ఇది. అన్ని భాషలకీ అమ్మ మనదేనండీ!"

చప్పట్లు. తల్లిభాష అనగానే మనవాళ్ల చేతులు వాటంతటవే కలుస్తాయి. రుజువు ఎవడికి కావాలి?

"కాదు సార్," అంది యాదలక్ష్మి. "జని, బెనా అక్కాచెల్లెళ్లు. అక్కను పట్టుకుని అమ్మా అంటే ఇద్దరికీ అవమానమే."

చక్రపాణి దగ్గరికొచ్చి పళ్లు బిగించి నవ్వాడు. "ఏంటమ్మా ఇది? ఒక్కసారి ఊఁ అంటే నీ సొమ్మేం పోయింది? సీట్లు నిండేవిగా!"

"తలూపనీకి నేనెందుకు సార్? గంగిరెద్దును తెచ్చుకోరాదు?"

ముందు బెంచీలు గొల్లుమన్నాయి. చక్రపాణి ముఖం కందగడ్డయింది. ఈ బ్యాచ్ మరో టీచర్ గౌతమ్ సార్ తీసుకుంటారని, చేరేవాళ్లు కింది ఆఫీసుకు రావాలని మైకులోనే ప్రకటించి, స్విచ్ ఆపేశాడు. సగం హాలు ఖాళీ అయింది.

"నువ్వూ దిగమ్మా," అన్నాడు.

"బ్యాచ్ మీదే సార్, తీస్కోండ్రి. గంట కొట్టేదాంక బోర్డు నాది."

మైకు లేదు కదా అని గొంతు పెంచింది. "కూసున్నోళ్లు రాస్కోండ్రి. ఇంకా బెనాకు బహువచనం ఉంది."