వద్దన్న ఐసు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పిల్లి గురించి చెప్పినా అది పులంత అవుతుంది. కానీ ఏళ్ల తరబడి నా గుండె మీద కూర్చున్న ఈ చేపల బరువును మాత్రం పెంచి చెప్పక్కర్లేదు. ఇప్పుడది దిగింది. ఎలా దిగిందో మీకు చెప్పాలి.

మా ఊరు ఉదయగిరిలో, మా వీధిలోనే ఉండే పెద్దమ్మ కూతురి పెళ్లి. విందుకు చేపలు తెచ్చే పని నాది. ఆ రోజు ఆత్మకూరు ఎండకు నా నీడకే చెమట పట్టింది. మస్తాన్ భాయ్ దగ్గర బొచ్చె చేపలు కొన్నాను. ఇంకా తోకలు కొడుతున్నాయి.

“అన్నా, పొట్ట తీసి ఐసు పోసిస్తాను. ఎండ చూసినావా?”

“బతికున్న చేపకు ఐసేంది భాయ్? జలుబు చేస్తాది.”

“నవ్వులాట కాదు. డిక్కీలో ఉడికిపోతాయి.”

“నా కొత్త కారు తడిసిపోతాది. ఐసొద్దు, ఏమొద్దు.”

ప్లాస్టిక్ సంచుల్లో బిగించి డిక్కీలో పడేశాను. దుత్తలూరులో టీకి ఆగితే పాత స్నేహితుడు కనిపించాడు. నేను చిరుతను చెప్పుతో కొట్టిన కథ వాడికి చెప్పాలి కదా? కథలో చిరుత చచ్చేలోపు డిక్కీలో చేపలు చెడిపోయాయి.

పెళ్లింట్లో డిక్కీ తెరిస్తే, ఆ కంపుకు వంటవాడు రెండడుగులు కాదు, రెండు ఊళ్లు వెనక్కి నడిచాడు. ఎర్రటి మొప్పలు బురద రంగుకు తిరిగాయి. పొట్టలు పగిలాయి. వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచిపోయింది.

“ఏందిరా ఇది?” అంది పెద్దమ్మ.

నిజం నోటిదాకా వచ్చింది. ఎందుకు మింగాను?

“మస్తాన్ పాత చేపలు అంటగట్టినాడు పెద్దమ్మా.”

అక్కడితో ఆగానా? మరుసటి ఆదివారం చర్చిలో సాక్ష్యం కూడా చెప్పాను, ‘ఆ చేపలు వండొద్దు’ అని దేవుని స్వరమే నాకు వినిపించి విందును కాపాడిందని. స్తోత్రాలు మోగాయి. నవ్వించడానికి అబద్ధాలాడే నేను ఈసారి ఒక మనిషి నోటికాడి కూడు పడగొడుతున్నానని నాకు తెలియదా? తెలుసు. ఆదివారాలు ఐసు పెట్టెతో మా వీధికి వచ్చే మస్తాన్ దగ్గర ఆ తర్వాత ఎవరూ కొనలేదు. కొన్నాళ్లకు ఆయన రావడమే మానేశాడు.

మొన్నీమధ్య ఒక ఆదివారం అదే చర్చిలో అదే మైకు పట్టుకున్నాను. ఐసు వద్దన్నది నేనే. చేపలు మురగబెట్టింది నేనే. ఏ స్వరమూ వినిపించలేదు. మస్తాన్ మంచి చేపలే ఇచ్చాడు. చెప్పేశాను! చర్చి మొత్తం లేచి నిలబడింది. ఆ చప్పట్లకు పైకప్పు రేకులు లేచిపోయి ఉదయగిరి కొండ మీది కోటలో పడ్డాయి.

మర్నాడు ఆత్మకూరు వెళ్లి మస్తాన్‌కూ చెప్పాను. ఆయన తక్కెడ మీంచి చూపు తిప్పలేదు.

“మీ వీధికి వస్తాను. నువ్వు మాత్రం నా దగ్గర కొనొద్దు.”

అన్నట్టే వచ్చాడు. మొదటి బేరం పెద్దమ్మదే. వీధంతా చేపల పులుసు ఘుమఘుమలాడుతుంటే, నేను వంకాయ కూరతో, యుద్ధం గెలిచిన రాజులా అన్నం తిన్నాను.

ఇందులో ఒక్కటి పూర్తిగా నా కల్పన: చప్పట్లు. ఒక్కరూ లేవలేదు, ఒక్కరూ కొట్టలేదు. పెద్దమ్మ తల దించుకుని కూర్చుంది. అయినా మైకు పెట్టేసి గుండె మీది బరువు లేకుండా నా చోటికి నడిచొచ్చానే, ఆ నడకను ఉన్నదానికంటే పెంచి చెప్పడం నాక్కూడా చేతకాదు.