సీసాలో నీళ్లు

మా పెదనాన్న ముప్పై ఏళ్లు ఒక చిన్న ఆనకట్టకు కాపలా ఉన్నాడు. రోజూ పొద్దున్నే కట్ట అడుగున ఊరే నీటిని గాజుసీసాలో పట్టి, వెలుతురుకు ఎత్తి చూసేవాడు. తేటగా ఉంటే భయం లేదు. మట్టి కలిస్తే కట్ట లోపల కోసుకుపోతున్నట్టే. ఆ పని ఎవరి కంటా పడేది కాదు. అదే జలాశయంలో షికారు పడవలు తిప్పే బాబాయిని మాత్రం ఊరంతా నెత్తిన పెట్టుకునేది. పెదనాన్నకు కడుపు మండేది.

ఒకరోజు సీసాలో నీళ్లు మసకగా కనిపించాయి. కట్టను బాగుచేయాలంటే నీటిమట్టం దించాలి, దించితే పడవలు ఆగిపోతాయి. ముందు ఆయనకు సంతోషమే కలిగింది. ఆ సంతోషాన్ని గమనించుకున్నాక తన కళ్ల మీదే ఆయనకు అనుమానం వచ్చింది. సీసా తీసుకెళ్లి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"నేను చెబితే కుళ్లుతో అన్నానంటావు. నువ్వే చూడు."

"నీ కుళ్లు నాకు కొత్తా అన్నయ్యా? కానీ ఇందులో మట్టి ఉంది," అన్నాడు బాబాయి. ఆ పూటే పడవలన్నీ ఒడ్డుకు లాగించేశాడు.

అధికారులు వచ్చి, నీళ్లు దించి, కట్టను బాగుచేశారు. తన పొట్ట తానే కొట్టుకుని జనాన్ని కాపాడాడని ఊరు బాబాయికి సన్మానం చేసింది. పెదనాన్న వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాక పెద్దమ్మతో ఒకే మాట అన్నాడు.

"సీసా నాది."