దించిన చేతుల గీత

“చేతులు దించనా?”

“ఇంకాసేపు ఉండవే. మోచెయ్యి దొరకలా.”

నేనూ మా ఆయనా మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. మనవరాలా, నేను చెప్పినట్టే రాయి.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. దుర్గిలో మాది రాతిబొమ్మలు చెక్కే ఇల్లు. మాచర్లలో రైలు పని చూసే తెల్లదొర భార్య ఒక పటం తెచ్చి ఇచ్చింది. వాళ్ల తాత పెద్ద రంగుల పటం వేసే ముందు, ఎట్లా కుదురుతుందో చూసుకోవడానికి గోధుమరంగు కాగితం మీద సుద్దతో గీసుకున్నదట. సముద్రం ఒడ్డున బండకు కట్టేసిన రాజు కూతురు. తల్లి ఆ పిల్ల అందం గురించి గొప్పలు పోయిందని దేవుళ్లు కోపగించి, పిల్లను సముద్రంలో ఉండే మృగానికి ఎర వేయించారట. చివరికి ఒకడు వచ్చి విడిపిస్తాడట. ఆ బొమ్మను రాతిలో చెక్కమంది దొరసాని.

కాగితం మీద ముందువైపే ఉంది. రాతికి వీపు కూడా కావాలి. అందుకని నన్ను నిలబెట్టాడు. చేతులు పైకెత్తి ఎంతసేపని ఉంటాను? వాలిపోతుంటే నులకతాడుతో మణికట్లు దూలానికి కట్టాడు. ముడి నాకు అందదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. చెక్కేముందు రాతి మీద బొమ్మకు గీత పెట్టేటప్పుడు తలుపు చేరవేసి, బయట పసుపుగుడ్డ కడతారు. అది ఉన్నంతసేపు లోపలికి ఎవరూ అడుగు పెట్టరు.

రాతి మీద సుద్దతో గీస్తూ దగ్గాడు. రాతిదుమ్ము దగ్గు ఎప్పుడూ ఉన్నదే. మెడ తిప్పి చూస్తే రాతికి ఆనుకుని కూర్చున్నాడు. సుద్దముక్క దొర్లి నా కాలి దగ్గర ఆగింది. పిలిచాను. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, పలకలేదు. తలుపవతల వసారాలో ఉన్న అత్తకు వినపడేట్టు కేకేశాను.

“అత్తా, ఒకసారి రా. ఈయన పలకట్లా.”

“పనిలో ఉంటే వాడెప్పుడు పలికాడే? గుడ్డ కట్టుంది. వాడి పని చెడగొట్టమాక.”

పక్కింటి వదిన నవ్వింది. “రాణిగారికి చేతులు గుంజుతున్నయ్యంట, పిన్నీ.”

ఉలి ఆడుతుంటే ఆగినప్పుడైనా వాళ్లకు తెలిసేది. ఆ పూట సుద్దపని. సుద్దకు చప్పుడు లేదు.

తాడు గుంజాను. ముడి ఇంకా బిగిసింది, తోలు ఊడింది. ఆయన ఛాతీ లేస్తూ ఉంది, పడుతూ ఉంది. చూస్తూనే నిలబడ్డాను. తర్వాత ఆ ఛాతీ లేవలేదు. చేతుల నొప్పికే అరుస్తున్నాననుకున్నారు బయటివాళ్లు. అరిచీ అరిచీ గొంతు పోయింది. అది మళ్లీ రాలేదు, నువ్వు వింటున్న ఈ బొంగురే నా గొంతు.

దీపాలవేళ అత్తే గుడ్డ విప్పింది. అందరూ ఆయన మీద పడి ఏడ్చారు. నన్ను విప్పాలని చాలాసేపు ఎవరికీ తోచలేదు.

తర్వాత దొరసాని పటం కోసం మనిషిని పంపింది. ఇచ్చేముందు దగ్గరగా పెట్టుకుని చూశాను. పైకెత్తిన చేతుల కింద, వేలితో చెరిపిన గీత ఒకటి ఉంది. ముందు ఆ తాత చేతులు కిందికి దించే గీశాడు. తర్వాత చెరిపి పైకెత్తాడు. మా ఆయనకు ఆ గీత కనపడలేదో, కనపడినా వద్దనుకున్నాడో, అడుగుదామంటే మనిషి లేడు.

ఇంతే. రాసింది చదువమ్మా. చేతులు దించనా అని నేను అడిగిన మాట దగ్గర్నుంచే చదువు. నిదానంగా.