పెద్దింటికి చేరని మెయిళ్ళు

"...దారి పొడుగునా ఆ అతిథులు అదే అడిగారు, మేం రాసింది ఇసాబెక్ ముసలాయన గుడారాల కోసం కదా అని. తీసుకెళ్ళి జుమాష్ ముంగిట్లో దింపేసరికి నన్ను దొంగను చూసినట్టు చూశారు. నాకెందుకొచ్చిన మాట చెప్పు, బైకే?"

"నీకిచ్చిన చీటీలో ఏముంది? జుమాష్ అనే ఉందా, లేదా?"

"ఉంది."

"మరింకేం, తీలెక్? కారు నడపడం నీ పని. ఎవరిని ఎక్కడ దించాలో చూడటం నా పని."

సరస్సు దగ్గరి గుడారాల నుంచి ఊళ్ళోకి వచ్చిన బురుల్ ఆఫీసు తలుపు బయటే ఆగిపోయింది. లోపల పోట్లాడుకుంటున్నది అతిథులకు గుడారాలు కుదిర్చే ఆ ఆఫీసు నడిపే రహత్, అతన్ని బైకే అని, అంటే అన్నా అని పిలుస్తూ సరస్సు దగ్గరికి అతిథుల్ని తీసుకెళ్ళే డ్రైవరు తీలెక్. ఇసాబెక్ ముసలాయన అంటే ఆమె భర్తే. ఆమె చేతిలోని కుమిస్, అదే పులిసిన గుర్రం పాల డబ్బాను చప్పుడు కాకుండా గడప పక్కన దించి, తీలెక్ విసురుగా బయటికొచ్చి కారెక్కేదాకా గోడవారగా నిలబడింది. ఆ తర్వాత మామూలుగా దగ్గి లోపలికి వెళ్ళింది.

ఆ వేసవి మొదలైనప్పటి నుంచీ వాళ్ళ గుడారాలకు అతిథులు రావడం లేదు. రెండు చలికాలాలు ఇంట్లో ఆడవాళ్ళంతా మోకాళ్ళు పట్టేసేలా ఉన్ని తొక్కి గుడారాలకు కప్పే కంబళ్ళు చేస్తే, ఈ ఏడాది కొత్తగా రెండు గుడారాలు లేచాయి. పక్కన జుమాష్ వాళ్ళ గుడారాల ముందు రోజూ కార్లు ఆగుతున్నాయి. వీళ్ళ గుడారాల ముందు గుర్రపు పిల్లలు పడుకుంటున్నాయి. గడ్డి పసుపు తిరిగేలోపు ఎవరూ రాకపోతే కొత్తవి రెండూ విప్పేసి, కొనేవాళ్ళకి అమ్మేద్దామని ముసలాయన అనేశాడు. అన్నాడంటే చేస్తాడు.

బురుల్‌ది మొదటి నుంచీ దేన్నీ సులువుగా నమ్మే తత్వం కాదు. పిండి బస్తా మూతికి తనకు మాత్రమే తెలిసిన ముడి వేస్తుంది. కుమిస్ తిత్తి మూతికి అడ్డంగా ఒక గుర్రపు వెంట్రుక పెట్టి వెళ్ళి, వచ్చాక ముందు దాన్నే వెతుక్కుంటుంది. సూది వేయబోయిన డాక్టరును ఆపి, మందు పెట్టె చూపించమని, దానిమీది తారీఖు కళ్ళజోడు పెట్టుకుని చదివిన మనిషి. ఆమె పట్టుకున్న దొంగలు నిజానికి తక్కువే. ముడి అలా వేయబట్టే దొంగలు రాలేదని ఆమె అంటుంది.

లోపల కంప్యూటరు ముందు కూర్చున్న సైరగుల్ చప్పున లేచి, తలమీది రుమాలు సర్దుకుని వంగి దణ్ణం పెట్టింది. ముసలాయన తమ్ముడి కొడుకు భార్య. కిందటి ఆకురాలు కాలంలో ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. వసంతంలో ఆఫీసులో చేరింది. బురుల్ లెక్క అక్కడే తెగింది. ఈ పిల్ల చేరింది, అతిథులు ఆగిపోయారు.

కొత్త గుడారాల సంగతి ఏమైందని అడిగితే, ఎవరైనా రాస్తే పంపకుండా ఉంటామా అన్నాడు రహత్. ఇదివరకు మెయిళ్ళన్నీ ఒకే కుప్పగా వచ్చి పడేవని, ఒకదాన్ని వెతికితే ఇంకోటి మరుగున పడేదని, ఇప్పుడు సైరగుల్ అంతా సర్దేసిందని, బురుల్‌ని ఎజే, అంటే అక్కా, అని పిలుస్తూ గొప్పగా చెప్పాడు.

"ఒక్కో ఇంటికీ ఒక్కో లేబుల్, ఎజే. గూట్లో అరలున్నట్టు అనుకోండి. మెయిల్ రాగానే అందులో ఎవరి పేరుందో మిషనే చూసుకుంటుంది. ఎవరి అరలో వాళ్ళది పడిపోతుంది. ఏ పేరూ లేనివి 'మిగతావి' అనే అరలోకి పోతాయి. వాటిని వంతులవారీగా నేను పంచుతాను. మనిషి చెయ్యి పడదు."

మనిషి చెయ్యి పడదన్న మాట బురుల్‌కి అస్సలు నచ్చలేదు. చెయ్యి పడని చోట చెయ్యి మరీ బాగా దాగుతుంది.

సంతలో గొర్రెల బేరాలు అరుస్తుంటే ఒక చెవి మూసుకుని, బిష్కెక్‌లో ఉన్న కూతురు చినారాకు ఫోను చేసింది. ఎవరో పరదేశం వాళ్ళు రాసినట్టుగా ఆఫీసుకి మెయిల్ పంపమంది. నలుగురు మనుషులు, గురువారం, గుర్రాలు కూడా కావాలని రాయమంది.

"ఎవరి గుడారాలని రాయను?"

"మీ నాన్నవి. ఆ పేరు స్పష్టంగా రాయి."

"అమ్మా, ఇదేమన్నా పోలీసు పనా?"

"వెంట్రుక పెడుతున్నాను. పంపు."

ఆ మెయిల్ ఏ దారి పడుతుందో తన కళ్ళతో చూడాలంటే ఆఫీసు మళ్ళీ తెరిచే సోమవారం దాకా ఊళ్ళో ఉండాలి. ఉండటానికి సాకు కావాలి. పన్ను నొప్పని చెప్పి మరిది ఇంట్లో దిగింది. సైరగుల్ అత్తగారు సలీమా ఆమె వచ్చిందని గొర్రెను కోయించింది. పన్ను నొప్పి మనిషి కాబట్టి బురుల్ ఎదురుగా పొగలు కక్కుతున్న మాంసాన్ని చూస్తూ, రొట్టెను టీలో నానబెట్టుకుని తింది.

ఆ రెండు రోజులూ కోడలి మీదే ఆమె కన్ను. సైరగుల్ టీ పోసేటప్పుడు మర్యాద ప్రకారం గిన్నె అడుగుకే పోసి రెండు చేతులతో అందించింది. పెద్దల వైపు వీపు పెట్టలేదు. అడిగినదానికి తప్ప మాట్లాడలేదు. ఇంత పద్ధతిగా ఉండే పిల్ల ఏదో ఒకటి దాస్తూ ఉండాలి. పొయ్యి పక్కన కొత్త కరెంటు కెటిల్ కనిపించింది. ఎవరిచ్చారని అడిగింది. జుమాష్ బైకే వాళ్ళు పెళ్ళికిచ్చారని సైరగుల్ చెప్పింది. బురుల్ ఆ కెటిల్‌లో కాచిన టీ ఇంకో గిన్నె తాగి, మనసులో ఒక ముడి వేసుకుంది.

సలీమా మాత్రం కోడల్ని మెచ్చుకుంది. బురుల్ అక్క ఒకే ఒక్కసారి దిద్దింది, మళ్ళీ తప్పలేదు అంది. ఆ దిద్దడం బురుల్‌కీ గుర్తే. పెళ్ళయిన కొత్తలో ఇదే గదిలో, ఇదే బల్ల చుట్టూ చుట్టాలంతా ఉండగా సైరగుల్ ఫోనులో ఎవరో అతిథి రాసి పెట్టిన మెప్పు కనిపించింది. చదవమ్మా అని మగవాళ్ళు ముచ్చటపడితే, ఆ పిల్ల ఇసాబెక్ గుడారాలు చాలా బాగున్నాయట అని పైకి చదివేసింది. భర్త వైపు పెద్దల పేరు కోడలు ఎత్తడమా? బురుల్ గిన్నె కింద పెట్టి అందరూ వినేలా చెప్పింది, ఆ పేరు నీ నోట్లోనే కాదు, నీ నీడకి కూడా తెలియకూడదని. తను మాత్రం ఎన్నడైనా మొగుడి పేరు పలికిందా? కాపురానికొచ్చిన నాటి నుంచీ మా ముసలాయన, పిల్లల తండ్రి, అంతే. వయసులో ఉన్నప్పుడు కూడా మా ముసలాయనే.

సోమవారం పొద్దున పన్ను డాక్టరు దగ్గరికని బయలుదేరి, కోడలి వెనకాలే ఆఫీసుకొచ్చి పొయ్యి పక్క కుర్చీలో కూర్చుంది. డాక్టరు ఇంకా రాలేదంది. రహత్ తన కంప్యూటరు తెరిచి, కాసేపు చూసి, ఫోను తీసి, సరస్సు దగ్గరే గుడారాలున్న ఎసెన్ వాళ్ళకు కలిపాడు. గురువారానికి నలుగురు వస్తున్నారు, గుర్రాలు కూడా సిద్ధం చేసుకోండి అన్నాడు.

ఎసెన్. జుమాష్ కాదు. అంటే జుమాష్ ఒక్కడే కాదన్నమాట, సరస్సు చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకటైపోయారన్నమాట. బురుల్ లేచి రహత్ వెనక్కి వెళ్ళి నిలబడింది.

"ఆ నలుగురూ ఎవర్ని అడిగారు?"

"ఎవర్నీ అడగలేదు, ఎజే. ఇది 'మిగతావి'లో పడింది కదా. వంతు ఎసెన్‌ది."

"మొత్తం తెరువు. చదువు."

రహత్ నవ్వుతూ తెరిచాడు. పరాయి భాషలోని మాటల్ని కిర్గిజ్‌లోకి మార్చి చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"ఇందులో ఇసాబెక్ బైకే పేరుందే."

బురుల్ అతని వైపు చూడలేదు, సైరగుల్ వైపు చూసింది. సైరగుల్ తన చేతుల వైపు చూసుకుంటోంది. రహత్ 'మిగతావి'లో ఇంకోటి తెరిచాడు, మరోటి తెరిచాడు. ఒకదాంట్లో ఆ పేరు లేదు. తర్వాత వరసగా అన్నింట్లో ఉంది. పేరున్నవి వాటంతటవే పోతాయి కదా అని ఇన్నాళ్ళూ తను మనుషుల సంఖ్య, తారీఖు చూసి వదిలేస్తున్నానని తనలో తను అనుకున్నట్టుగా చెప్పాడు.

"మా అర ఏది?" అంది బురుల్.

రహత్ తెర ఎడమ పక్క చూపించాడు. జుమాష్ పచ్చ రంగులో, ఎసెన్ నీలం రంగులో, ఒక్కో ఇంటి యజమాని పేరూ ఒక్కో రంగులో ఉంది. బురుల్ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివింది. తమ పేరు లేదు. అన్నిటికన్నా కింద ఎర్ర రంగులో 'పెద్దిల్లు' అని ఉంది. అందులో ఒక్క మెయిల్ కూడా లేదు.

"ఇదెవరిది?"

"మనదే, అపా," అంది సైరగుల్, పెద్దత్తను పిలిచే పిలుపుతో.

రహత్ ఆ లేబుల్ వెనకున్న ఫిల్టర్ తెరిచాడు. మిగతా ఇళ్ళకు వెతకాల్సిన మాట అన్నచోట యజమానుల పేర్లున్నాయి. ఇక్కడ కూడా పెద్దిల్లు అనే ఉంది.

"ఏ దేశం వాడు ఈ మాట రాస్తాడు పిల్లా? లేబుల్ మీద నీ ఇష్టం వచ్చింది రాసుకో. వెతికే చోట పేరు పెట్టాలి కదా," అన్నాడు రహత్.

సైరగుల్ రహత్ వైపు చూడలేదు. బురుల్‌తోనే చెప్పింది.

"నోటితో అనకూడనిది చేత్తో ఎలా రాయను, అపా? మీరే అన్నారు, నా నీడకి కూడా తెలియకూడదని."

"రోజూ ఖాళీగా ఉన్న అరను చూస్తూ ఊరుకున్నావా?" అంది బురుల్.

"ఎవరూ అడగట్లేదేమో అనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చింది. అడగాలంటే ఆ పేరు ఎత్తాలి."

వెక్కిరిస్తోందా? బురుల్ ఆ మొహంలో పెదవి చివర, కంటి చివర నవ్వు కోసం వెతికింది. దొరకలేదు. ఇంకోసారి వెతికింది.

ఫిల్టర్‌లో పేరు నేనే కొడతానని, అది నిమిషం పనేనని రహత్ అన్నాడు. కానీ అక్కడితో అయిపోదన్నాడు. వచ్చినవాళ్ళకి జవాబు రాయాలి, ఫోనులో పేరు చెప్పాలి, డ్రైవరుకి చీటీ రాసివ్వాలి. రోజంతా ఈ పేర్లతోనే పని. అక్కడ కూడా పెద్దిల్లు అని రాస్తే అతిథులకు ఏం అర్థమవుతుంది?

"తప్పుపట్టడం కాదు, ఎజే. మీ పద్ధతి నాకు తెలియనిది కాదు. ఈమె రాయలేకపోతే వేరే పిల్లని చూసుకుంటాను."

సైరగుల్ తల ఎత్తలేదు. రుమాలు అంచును వేలికి చుట్టుకుంటోంది. బురుల్ మళ్ళీ కుర్చీలోకి వచ్చి కూర్చుంది. వేరే పిల్ల అంటే ఎవరి పిల్ల? చదువు ముగించి ఖాళీగా తిరుగుతున్నది ఊళ్ళో ఎవరు? జుమాష్ మేనకోడలు. కంప్యూటరు నేర్చుకుందని వాళ్ళత్త పోయిన సంతలోనే చెప్పుకుంది. ఎందుకు చెప్పుకుంది? ఆ పిల్ల ఇక్కడ కూర్చుంటే ఏ అరలో ఏది పడుతుందో ఎవరు చూడొచ్చారు?

"రేపటిదాకా ఆగు," అంది రహత్‌తో. "ఆ నలుగురూ రారని ఎసెన్‌కి చెప్పు. అసలు వాళ్ళు లేనే లేరు. మా చినారా రాసింది."

రహత్ ఫోను అందుకుని మళ్ళీ ఎసెన్ వాళ్ళకు కలిపాడు.

పొద్దువాలుతుండగా సలీమా బల్ల పరిచింది. మరిది, అతని కొడుకు, ఇద్దరు చుట్టాలు కూర్చున్నారు. సైరగుల్ టీ పాత్ర పక్కన ఒంగి నిలబడింది. మాంసం పళ్ళెం తిరిగి తిరిగి బురుల్ ముందుకొచ్చినప్పుడు, ఆమె ఎముకతో ఉన్న ముక్క ఒకటి తీసుకుంది.

"పన్ను తగ్గిందా, అక్కా?" అంది సలీమా.

"తగ్గింది."

ఆమె మాంసం తిని, ఎముక శుభ్రంగా గీరి పళ్ళెం అంచున పెట్టింది. చేతులు తుడుచుకుంది. తన గిన్నెను సైరగుల్ వైపు జరిపి, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా వినేలా చెప్పింది.

"రేపటి నుంచి ఈ పిల్ల ఆఫీసులో ఇసాబెక్ అని రాస్తుంది. ఫోనులో పైకి కూడా అంటుంది. గడప ఇవతల మాత్రం కాదు."