ఎర్రక్క చేతి ఎరుపు

టైల్స్ కార్ఖానాలో ఎర్రక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. టర్కీ పద్ధతిలో తులిప్, కార్నేషన్ పువ్వులకు ఎర్రమట్టి రంగు దట్టంగా పెట్టాలి. బట్టీలో కాలిన తర్వాత కూడా ఆ ఎరుపు వేలికి ఉబ్బెత్తుగా తగలాలి. ఇరవయ్యారేళ్లలో ఆమె పెట్టిన ఎరుపు ఒక్కసారీ పరువు తీయలేదు. పక్క బల్ల మీద చెల్లెలు పర్షియా పద్ధతి నీలి తీగలు వేసేది. తీగ లేనిదే పువ్వు ఎక్కడ నిలుస్తుంది? అయినా చూడవచ్చినవాళ్లంతా ఎరుపునే తడిమి, ఎర్రక్కనే ఆకాశానికెత్తేవారు. నీలాన్ని మెచ్చుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు.

రెండేళ్లుగా ఎర్రక్క కంటికి పువ్వుల అంచులు చూపే సన్నని నల్లగీతలు ఆనడం లేదు. ఆ సంగతి చెల్లెలికి తప్ప నరమానవుడికి తెలియదు. తెలిస్తే బల్ల పోతుంది, బల్ల పోతే తనకంటూ ఇంకేముందని ఆమె భయం. అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. చెల్లెలే గీతలు గీసి టైల్‌ని అక్క ముందుకు జరిపేది. తులిప్ అయితే నీళ్ల గిన్నె మీద కుంచెతో ఒకసారి, కార్నేషన్ అయితే రెండుసార్లు తట్టేది. ఏ పువ్వో తెలిస్తే చాలు, మిగతాది ఎర్రక్క చేతికి కంఠతా వచ్చు. నవ్వకండి, నిజంగానే వచ్చు.

గ్రంథాలయం గోడకు పెద్ద పని కుదిరిన వారం, యజమాని ఒక టైల్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఎర్రక్కా, దీని మీద ఏం పువ్వో కాస్త చూసి చెప్పండి."

ఎర్రక్క టైల్ మీదికి వంగి, చెవి మాత్రం పక్క బల్లకు అప్పగించింది. టక్, టక్.

"కార్నేషనండీ. దీనికి చూడాలా ఏంటి?" అంది ధీమాగా.

యజమాని టైల్ వెనక్కి తీసుకున్నాడు. "దీని మీద ఏమీ గీయలేదమ్మా. మీకు గీతలు ఆనడం లేదని మీ చెల్లెలు చెప్తే నమ్మలేదు. రేపట్నుంచి ఎరుపు ఆవిడ చూసుకుంటుంది. మీరు టైల్స్ కడిగే దగ్గర కూర్చోండి."

బల్ల పోయినందుకు ఏడుపొచ్చింది, నిజమే. కానీ ఖాళీ టైల్‌ని కళ్లారా చూస్తూ తోడబుట్టినది రెండుసార్లు తట్టింది. కడుపు మండిపోయింది ఎర్రక్కకు.

"ఊరుకున్నా సరిపోయేది కదే. ఎందుకు తట్టావు?"

చెల్లెలు కుంచె కడుగుతూ తలెత్తలేదు. "ఊరుకుంటే ఏదో సాకు చెప్పి తప్పించుకునేదానివి. గీతలు నావి, తీగలు నావి, పేరు మాత్రం నీది. ఎన్నాళ్లక్కా?"

అందులో అబద్ధముంటే ఎర్రక్క దులిపేసేదే. లేకపోయింది.

మర్నాడు టైల్స్ కడిగే తొట్టి దగ్గరికి చెల్లెలే వచ్చి నిలబడింది. ఎరుపు కలిపేటప్పుడు ఎర్రక్క ఇన్నేళ్లూ తలుపేసుకునేది, చెల్లెల్ని కూడా రానిచ్చేది కాదు.

"అక్కా, ఆ ఎర్రమట్టిలో ఏం కలుపుతావు?"

గాజుపొడి కలపాలి, గుప్పెడు మట్టికి చెంచాడు. అది లేకపోతే బట్టీలో ఎరుపంతా పెచ్చులూడి వస్తుంది. ఎర్రక్క తడిచేతులు గుడ్డకు తుడుచుకుంది.

"ఏమీ లేదమ్మా. ఉత్త నీళ్లే."

చెల్లెలు మారుమాట లేకుండా నమ్మింది.