అమాస తర్వాతి ఆదివారం

2017 మే నెల. జడ్చర్ల దాటాక హైవే పక్కన, రేకుల కప్పు కింద అరవై కుట్టు మిషన్లున్న పెద్ద హాలు. స్కూల్ యూనిఫాంలు కుట్టే కేంద్రం అది. జూన్‌లో బడులు తెరిచేలోపు సరుకంతా పంపాలి కాబట్టి మేలో అక్కడ మిషన్ల మోత ఆగదు. ఆ హాలును చల్లబరిచే యంత్రానికి జనవరిలో ప్రోగ్రామింగ్ చేసింది నేనే. మాది నకిరేకల్. ఐటీఐలో ఏసీ మెకానిజం చదివి, ఏసీలను నడిపించే ఈ కంట్రోల్స్ పనిలోకి వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు. పని వచ్చిన దానికంటే కాస్త ఎక్కువే వచ్చనుకునే వయసు.

ఆ యంత్రాన్ని రూఫ్‌టాప్ యూనిట్ అంటారు. కంప్రెసర్, ఫ్యాను, అన్నీ ఒకే పెద్ద డబ్బాలో ఉండి కప్పు మీద కూర్చుంటాయి, చల్లగాలి గొట్టాల్లో కిందికి దిగుతుంది. దానికి మనుషులు ఎప్పుడుంటారో, ఎప్పుడుండరో ముందే చెప్పిపెట్టాలి. అదే ఆక్యుపెన్సీ షెడ్యూల్. మనుషులున్న వేళ అది హాలును ఇరవై ఆరు డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. లేరని చెప్పిన వేళ ఫ్యాను ఆపేసి, బయటి గాలి వచ్చే తలుపును కూడా మూసేసుకుని పడుకుంటుంది.

జనవరిలో నేను మేనేజర్ రఘురాం గారిని అడిగింది ఒక్కటే ప్రశ్న. "సెలవు ఎప్పుడు సార్?" ఆయన "ఆదివారం" అన్నారు. సోమవారం నుంచి శనివారం దాకా తొమ్మిది నుంచి ఆరు, ఆదివారం ఖాళీ అని నొక్కేశాను. ఎవరూ వేలు పెట్టకుండా, యంత్రాన్ని కిందినుంచి నడిపే గోడ మీది డిస్‌ప్లేకు పాస్‌వర్డ్ వేశాను. పది నిమిషాల్లో పని ముగించి, వాళ్లిచ్చిన చాయ్ తాగి, నా భుజం నేనే తట్టుకుంటూ వచ్చేశాను.

ఏప్రిల్ మొదట్లో ఒక ఫిర్యాదు వచ్చింది, హాలు చల్లబడడం లేదని. మా టెక్నీషియన్ వెళ్లి చూస్తే ఇరవై ఆరు డిగ్రీలు, అంతా బాగుంది. మే మొదట్లో మళ్లీ వచ్చింది. ఈసారి అనిత అనే అమ్మాయి మిషన్ మీదే కళ్లు తిరిగి పడిపోయిందట. మళ్లీ వెళ్లి చూస్తే మళ్లీ ఇరవై ఆరే. రెండు కాగితాల మీదా 'లోపం లేదు' అని రాసి వచ్చారు. తర్వాతి వారం రఘురాం గారు ఆఫీసుకు ఫోన్ చేసి, ఇదేదో ఒకసారి తేల్చిపొమ్మన్నారు. నన్ను పంపారు. నా ప్రోగ్రాంలో తప్పుంటుందా అని బస్సులో కూర్చుని నవ్వుకున్నాను కూడా.

హాల్లోకి వెళ్లేసరికి రఘురాం గారు ఒక రిజిస్టర్ తెరిచి చూపించారు. రెండు ఫిర్యాదుల పక్కనా ఎర్ర ఇంకుతో 'తప్పుడు ఫిర్యాదు' అని రాసి ఉంది.

"చూడండి మేడం, ఇదంతా సూపర్‌వైజర్ కుర్మమ్మ పని. పని తప్పించుకోవడానికి ఆడవాళ్లను ఎగదోస్తోంది. మీరు కూడా లోపం లేదని రాసివ్వండి, రేపటి నుంచి ఆమెను మళ్లీ మిషన్ మీద కూర్చోబెడతాను."

కుర్మమ్మ అక్కడే నిలబడి ఉంది. నలభై అయిదేళ్లుంటాయి, మెడలో టేపు, నడుముకు తాళంచెవుల గుత్తి. పదకొండేళ్లు మిషన్ తొక్కి సూపర్‌వైజర్ అయిన మనిషి. ఏడవలేదు, బతిమాలలేదు. నావైపు మాత్రం చూసింది.

"నేనెందుకు అబద్ధమాడుత మేడం? గా పిల్ల పడ్డది నిజం. నీళ్లు జల్లి లేపింది నేనే. మీ మిషినొచ్చినంక ఫ్యాన్లు గూడ పీకేసిరి. ఊపిరాడకుంటే ఏడికి పోవాలె?"

కాగితం తీసి 'లోపం లేదు' అని రాయబోయాను. నిజం చెబుతున్నాను, పెన్ను కాగితం మీద పెట్టాను కూడా. ఎందుకో ఆగి, మా వాళ్లెవరూ అడగని ప్రశ్న అడిగాను.

"అక్కా, సరిగ్గ ఏ దినం హాలు ఉడికింది? సోమారమా?"

"సోమారం ఎందుకైతది? సోమారం సార్‌కు చెప్పిన. ఉడికింది ఐతారం."

"ఐతారం మీకు సెలవు గదా?"

"అన్ని ఐతారాలు గాదు. అమాస నాడు గూడ సెలవు మాకు. గా దినం మా కటింగ్ మాస్టర్ బట్టకు కత్తెర వెట్టడు. కత్తెర ఆడకుంటే మేం కుట్టేదేముంటది? అందుకే అమాస నాడు బంద్ వెట్టి, ఎనకొచ్చే ఐతారం వచ్చి గా పని చేసిపోతం. ఎన్నేండ్ల సందో గిట్లనే నడుస్తాంది. సార్‌కు ఎరికే."

నిచ్చెన ఎక్కి ఎప్పుడు కప్పు మీదికి వెళ్లానో నాకే తెలియదు. రేకులు కాళ్లు కాలుస్తున్నా పట్టించుకోకుండా యూనిట్ మూత తీసి, ల్యాప్‌టాప్ తగిలించి ట్రెండ్ లాగ్ తెరిచాను. హాల్లో ఏ గంటకు ఎంత వేడి ఉందో యంత్రం తనంతట తానే రాసిపెట్టుకునే డైరీ అది. ఫోన్‌లో వెతికితే ఏప్రిల్ అమావాస్య బుధవారం. లాగ్‌లో ఆ బుధవారం ఖాళీ హాలును తొమ్మిది నుంచి ఆరు దాకా హాయిగా చల్లబరిచింది మా యంత్రం. తర్వాతి ఆదివారం చూశాను. ఉదయం తొమ్మిదికి ముప్పై మూడు, పదకొండుకు ముప్పై ఏడు, ఒంటిగంటకు నలభై. గాలి తలుపు మూసే ఉంది. అరవై మంది మనుషులు, వేడి ఇస్త్రీ పెట్టెలు, గాలి చొరబడని హాలు. పైన యంత్రం మాత్రం, ఇవాళ ఎవరూ లేరు అని నేను చెప్పిన మాట నమ్మి పడుకుని ఉంది.

మా టెక్నీషియన్లకు ఎందుకు దొరకలేదో కూడా అప్పుడే అర్థమైంది. మా ఆఫీసుకూ ఆదివారం సెలవే, రఘురాం గారూ ఆదివారం హైదరాబాద్‌లో ఇంట్లోనే. ఉక్కపోత ఉన్న రోజున మాలో ఒక్కరం కూడా అక్కడ ఉండం. చిక్కుముడి విడినందుకు గంతులేయాలనిపించింది, దాన్ని వేసింది నేనే అని గుర్తొచ్చి సిగ్గేసింది. రెండూ ఒకేసారి.

కిందికి దిగి, అందరి ముందే చెప్పాను. "సార్, కుర్మమ్మక్క చెప్పింది అక్షరం అక్షరం నిజం. యంత్రంలో లోపం లేదు. తప్పు నాది."

రఘురాం గారు ల్యాప్‌టాప్‌లో ఆదివారం గీతను వేలు పెట్టి చూశారు. "నన్ను సెలవెప్పుడని అడిగారు, నా సెలవు చెప్పాను," అన్నారు నెమ్మదిగా.

ఇక అసలు సరదా అప్పుడు మొదలైంది. యంత్రానికి ఎప్పుడేం చేయాలో చెప్పే మా కంట్రోలర్‌కు తెలిసింది ఏడు రోజుల వారం. తిథులు దానికేం తెలుసు? అయితే అందులో ఎక్సెప్షన్ షెడ్యూల్ అనే వసతి ఉంది, మామూలు వారానికి భిన్నంగా నడిచే తేదీలను విడిగా రాసిపెట్టుకోవచ్చు. కుర్మమ్మ గోడ మీది క్యాలెండర్ దింపి ఒళ్లో పెట్టుకుంది. నల్ల చుక్క ఉన్న తేదీ ఆమె చదువుతుంటే దాన్ని ఖాళీ అని, తర్వాతి ఆదివారాన్ని పనిరోజు అని నేను ఎక్కించుకుంటూ పోయాను. ఇద్దరం ఊపు మీదున్నాం. జులై దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఆగు బిడ్డా. ఆషాఢంల అమాస ఐతారమే పడ్డది. గప్పుడేం జేస్తవ్?"

నాకు తట్టనే లేదు! నేను చేసిన లెక్క ప్రకారమైతే ఆ పై ఆదివారం ఖాళీ హాలు చల్లబడేది. "అప్పుడు మీరేం చేస్తరక్కా?" అన్నాను.

"సెలవుల సెలవు కలిసిపోయినట్టే. ఎనక ఐతారం రాము. ఇంకోటి, పనున్న ఐతారాలు మేం ఎనిమిదింటికే వస్తం, జల్ది ఇంటికి పోవద్దా? గది గూడ రాయి."

రాశాను. రేకుల కప్పు కింద హాలు చల్లబడడానికి టైము పడుతుంది కాబట్టి, యంత్రం ఆరున్నరకే మొదలయ్యేలా పెట్టాను. కీబోర్డు నా చేతిలో ఉందన్న మాటేగాని, ఆ పూట ప్రోగ్రామింగ్ చేసింది కుర్మమ్మే.

మే నెల అమావాస్య తర్వాతి ఆదివారం నేను నా సెలవు మానుకుని వెళ్లాను. రోహిణి కార్తె, ఏడున్నరకే ఎండ చురుక్కుమంటోంది. రఘురాం గారు కూడా వచ్చారు. ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలతో గుంపులుగా నిలబడ్డారు. వాళ్లలో అనిత కూడా ఉంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ తలుపు వైపే అనుమానంగా చూస్తోంది. నేను తల పైకెత్తి చెవి రిక్కించాను. అప్పుడు పైనుంచి సన్నగా హోరు వినిపించింది. యంత్రం మాకంటే ముందే లేచింది!

కుర్మమ్మ తాళం తీసి తలుపు నెట్టింది. చల్లగాలి ముఖాలకు తగిలింది. "అబ్బ!" అన్నారు ఎవరో, అందరూ నవ్వేశారు. అనిత వెళ్లి తన మిషన్ ముందు కూర్చుంది. రఘురాం గారు రిజిస్టర్ తెప్పించుకుని, ఎర్ర అక్షరాల మీద రెండుసార్లు గీత కొట్టి సంతకం పెట్టారు. "నీ మాట నమ్మాల్సింది కుర్మమ్మా" అన్నారు. ఆమె "ఐతారం ఒక్కపారొచ్చి కూసుంటే ఎరికయ్యేది సార్" అంది. అందరి ముందే అంది, ఆయన తలూపారు. నాకు ఈల వేయాలనిపించింది.

వచ్చే ముందు గోడ మీది డిస్‌ప్లే పాస్‌వర్డ్ కుర్మమ్మకు చెప్పి, తేదీలు ఎక్కించడం నేర్పాను. ఆ రోజు నుంచి ఏ కొత్త భవనానికి వెళ్లినా నేను సెలవెప్పుడని అడగడం మానేశాను. పొద్దున తాళం తీసేదెవరో కనుక్కుని, వాళ్లతో కలిసి గోడ మీది క్యాలెండర్ ముందు కూర్చుంటాను. షెడ్యూల్ అంటే యంత్రానికి టైము చెప్పడం అనుకునేదాన్ని. అక్కడి మనుషుల గురించి యంత్రానికి మనం ఇచ్చే మాట అది. తప్పు మాట ఇస్తే అది తప్పునే నమ్మకంగా పాటిస్తుంది, ఆ ఉక్కపోత భరించేది మాత్రం మనుషులు.

ఇప్పటికీ ప్రతి జనవరిలో కుర్మమ్మ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది.

"కొత్త క్యాలెండర్ వచ్చింది బిడ్డా. అమాసలన్నీ ఎక్కించిన. నువ్వేం ఫికర్ వెట్టుకోకు."